చేర్యాల పటం, టీచర్ ఫోను

మా శామీర్‌పేట, మేడ్చల్ వైపు చాలా బడుల్లో డ్రాయింగ్ పీరియడ్ వేరు, కంప్యూటర్ పీరియడ్ వేరు. రెండూ కలిపితే ఎంత బాగుంటుందో!

పక్క సిద్దిపేట జిల్లా చేర్యాల నకాషీ పటమే చూడండి. ఖాదీ గుడ్డకు చింతగింజల జిగురు, సుద్దమట్టి పూసి ఆరబెట్టి, ఎర్రటి నేపథ్యంలో బొమ్మలు వేస్తారు. కథకుడు పటం విప్పుతూ పోతే వరస తర్వాత వరసగా కథ నడిచేది. సినిమాలు రాకముందే ఊరూరా తిరిగిన స్టోరీబోర్డు అది.

పిల్లలతో శామీర్‌పేట చెరువు కథ అలా వరసలుగా గీయించాలి. అట్టబొమ్మలు కత్తిరించి, టీచర్ ఫోను కదలకుండా నిలబెట్టి, బొమ్మను రవ్వంత జరిపి ఒక ఫోటో, మళ్లీ జరిపి ఇంకోటి. సెకనుకు 12 చొప్పున 10 సెకన్ల సినిమాకు 120 ఫోటోలు. లెక్కల పాఠమూ అందులోనే అయిపోతుంది. కంప్యూటర్లుంటే ఎంఐటీ వాళ్లు 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే సాఫ్ట్‌వేర్ ఉంది, ఉచితం. పిల్లలు గీసిన బొమ్మలే అందులో ఎక్కించి ఆడించొచ్చు. రెడీమేడ్ బొమ్మలు మాత్రం వద్దు. తన చేత్తో గీసిన కొంగ తెరమీద రెక్కాడిస్తే ఆ పిల్ల ఇక కంప్యూటర్‌కు భయపడదని నా గట్టి నమ్మకం.

ఈ చుట్టుపక్కల టీచర్లెవరైనా మొదలుపెడితే చెప్పండి. వచ్చి అట్టలు కత్తిరించి పెడతాను.