108 అబ్బాయి దినాలకు వెళ్ళవచ్చునా?

పోయిన వారం వచ్చిన ఉత్తరాల్లో ఒకదాన్ని రెండు మూడుసార్లు చదివాను. ఒక సోదరి రాశారు. ఆమె భర్త 108 వాహనంలో పనిచేస్తున్నారు. నిరుడు ఒక ప్రమాదంలో దెబ్బలు తగిలిన పిల్లవాణ్ణి ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. పిల్లవాడు దక్కలేదు. ఇప్పుడు ఆ ఇంటివారు సంవత్సరీకానికి రమ్మని కబురు పెట్టారు. "మానుతున్న పుండును మళ్ళీ గెలికినట్లవుతుందని మా అత్తగారు వద్దంటున్నారు. ఈయన వెళతానంటున్నారు. ఏం చేయమంటారు?" అని ఆమె ప్రశ్న.

వెళ్ళనివ్వండమ్మా. వీలైతే మీరూ తోడు వెళ్ళండి. ఎందుకో చెబుతాను.

వార్డులో పనిచేసే డాక్టర్లకు ఒక వెసులుబాటు ఉంది. రోగిని రోజూ చూస్తాం. బతికితే ఇంటికి పంపుతాం. పోతే బంధువులతో నాలుగు మాటలు మాట్లాడి కాగితాల మీద సంతకం పెడతాం. ఏదో ఒక ముగింపు మా కళ్ళ ముందే జరుగుతుంది. అంబులెన్సు సిబ్బందికి, ఫైరింజను వారికి, బావిలోంచి శవాన్ని పైకి తీయించే కానిస్టేబులుకు అది లేదు. వారు చూసేది మొదటి గంట మాత్రమే. రక్తం, కేకలు, పెట్రోలు వాసన. స్ట్రెచరు ఆసుపత్రి గుమ్మం దాటిందంటే వారి పని అయిపోయినట్లే. బండి కడిగేలోగా ఇంకో ఫోను వస్తుంది. ఆ మనిషి ఎవరు, ఎవరి బిడ్డ, బతికాడా పోయాడా అన్నది చాలాసార్లు తెలియనే తెలియదు.

మామూలు జ్ఞాపకం నాలుగు రోజులకు పాతబడుతుంది. విపరీతమైన భయంలో, ఆందోళనలో మనసుకు పట్టిన జ్ఞాపకం అలా పాతబడదు. ముక్కలు ముక్కలుగా ఉండిపోతుంది. ఒక వాసన, ఒక గొంతు, చెప్పు తెగిపడిన కాలు. ఏ ముక్క ఎదురైనా అది గడిచిపోయిన సంగతని శరీరానికి తోచదు; ఇప్పుడే జరుగుతున్నట్లు గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి. అందుకే ఇటువంటివారు ఫోను మోగితే ఉలిక్కిపడతారు, ఆ దారిన పోకుండా చుట్టు తిరిగి పోతారు, ఇంట్లో చిన్న మాటకే విసుక్కుంటారు, రాత్రి ఉలికిపాటుతో లేస్తారు. ఇది పిరికితనమేమీ కాదు. ఏళ్ళ తరబడి శవాలు చూసిన గట్టి మనిషికి కూడా ఒక్క సంఘటన ఇలా అంటుకోవచ్చు. అది ఏ సంఘటనో ముందుగా చెప్పలేం.

కొడకండ్లలో నేను చూసినది చెబుతాను. ఇప్పుడది జనగామ జిల్లా. 2016కు ముందు వరంగల్లు జిల్లా. మగ్గాల ఊరు, చుట్టూ వరి, పత్తి. పత్తి ఏరే రోజుల్లో కూలీలను ఎక్కించుకుపోతున్న ట్రాలీ ఆటో ఒకటి బోల్తా పడింది. ముప్ఫై ఏళ్ళ ఆడమనిషి ఒకామె 108లో జనగామ చేరేలోపే పోయింది. కడుపులో రక్తస్రావం. అటువంటి దెబ్బకు ఆపరేషను బల్ల మీద చేయవలసిందే ఎక్కువ, బండిలో చేయగలిగింది తక్కువ. టెక్నీషియను కుర్రవాడు సెలైను పెట్టాడు, ఆక్సిజను పెట్టాడు, చేయి పట్టుకుని కూర్చున్నాడు.

నాలుగో రోజున నా దగ్గరకు వచ్చి, "నిద్ర మాత్ర రాయిన్రి సార్" అన్నాడు. ఎందుకని అడిగితే, "బండెక్కంగనే ఆమె గొంతే ఇనబడుతున్నది సార్" అన్నాడు. ఏమని వినబడుతోందో మాత్రం చెప్పలేదు. నేనూ గుచ్చి గుచ్చి అడగలేదు.

దినాలకు రమ్మని ఆమె తమ్ముడు వచ్చి పిలిచాడు. బండి నడిపిన అబ్బాయి రానన్నాడు. "ఆలస్యమైందని మీద పడతరు సార్" అని అతని భయం. బండి సమయానికే వెళ్ళింది, కాగితాల్లో ఉంది. భయానికి కాగితాలు చూపిస్తే వింటుందా? టెక్నీషియను మాత్రం రెండు మనసుల్లో ఉన్నాడు. వెళ్ళమన్నాను. ఆ ఊరు నేను పోయే దారిలోదే కనుక నేనూ ఆగాను.

మా వైపు సంగతి తెలియనివారి కోసం ఒక మాట. పోయినవారికి ఇష్టమైనవన్నీ వండి, విస్తట్లో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా అందరూ దూరంగా నిలబడతారు. ఎంతకూ ముట్టకపోతే, పోయిన మనిషికి ఏదో కోరిక తీరలేదని అనుకుంటారు. అప్పుడు ఒక్కొక్కరూ ముందుకు వచ్చి, అప్పు తీరుస్తామనో, పిల్లలను చూసుకుంటామనో మాట ఇస్తారు. ఆ రోజు అరగంట గడిచింది. కాకి జాడ లేదు. మొగుడు చెప్పాడు, తమ్ముడు చెప్పాడు. అప్పుడు ఆమె అత్త మా కుర్రవాడి వైపు తిరిగింది.

"ఆఖరుకు నువ్వే ఉంటివి గద కొడుకా. ఏమన్నదో చెప్పు."

వాడు చాలాసేపు నేల చూపులు చూశాడు. తరువాత, "పిల్ల బడికాడికెళ్ళి వస్తది, ఎవరన్న బువ్వ పెడతరా అన్నదవ్వా" అన్నాడు.

"నువ్వేమంటివి?"

"పెడతరక్కా అన్న."

"పెట్టిన బిడ్డా. ఆ పొద్దు నేనే పెట్టిన" అందా ముసలామె. ఇద్దరూ ఏడ్చారు.

పది రోజులుగా వాడి నిద్ర తినేస్తున్నది రక్తమనుకున్నాను నేను. చావుబతుకుల్లో ఉన్న మనిషికి తాను చెప్పిన మాట నిజమో అబద్ధమో తెలియక వాడు నలిగిపోయాడు. ఏ డాక్టరూ ఆ జవాబు ఇవ్వలేడు. ఆ ముసలామె ఒక్కతే ఇవ్వగలదు. ఆమెకూ ఒకటి దక్కింది: కోడలు ఒంటరిగా పోలేదని. భోజనాల దగ్గర ఆ ఇంటివాళ్ళు వాడికి ఆమె గురించి చాలా చెప్పారు. బతుకమ్మ పాటలు ఎత్తుకుంటే ఊరంతా అందుకునేదట, లెక్కల్లో గట్టిదట. వాడికి అంతవరకు తెలిసిన ముఖం బండిలోని ముఖం ఒక్కటే. కాకి సంగతేమైందని మా ఇంట్లో అడిగారు. వచ్చిందట, అప్పటికి దాన్ని ఎవరూ చూడటం లేదు.

ఆ రాత్రే వాడు హాయిగా నిద్రపోయాడని రాయను. మూడు నాలుగు వారాలు పట్టింది. కలలు తగ్గాయి, మాత్ర అవసరం రాలేదు. రానన్న అబ్బాయికి అలా కాలేదు. రెండు నెలలైనా ఆ మలుపు దగ్గర చేతులు వణికేవి. మానసిక వైద్యుని దగ్గరకు పంపాను. మందులతో, మాటలతో చేసే చికిత్సతో కుదుటపడి ఇప్పుడూ బండి నడుపుతున్నాడు. దినాలకు పోనందుకే అతనికి అలా అయిందని చెప్పను. మనుషులు వేరు.

ప్రభుత్వ శాఖల్లోనూ ఇటువంటి సభలు ఉన్నాయి. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికైన్ అనే ఓడ పేలి, మంటలార్పుతున్న 66 మంది అగ్నిమాపక సిబ్బంది చనిపోయారు. ఏటా ఆ తేదీన దేశమంతటా ఫైరు స్టేషన్లలో వారిని తలుచుకుంటారు. 1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర పదిమంది పోలీసులు చైనా సైన్యం కాల్పుల్లో మరణించారు. ఆ రోజున పోలీసు అమరవీరుల దినం జరుపుతారు. ఆ ఏడాది విధి నిర్వహణలో పోయినవారి పేర్లు చదువుతారు. మంచిదే. అయితే ఇవి తమవారి కోసం. తాము కాపాడలేకపోయిన మనిషిని తలుచుకోవడానికి ఏ శాఖ క్యాలెండరులోనూ తేదీ లేదు. 2023 మార్చిలో సికిందరాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో పొగకు ఊపిరాడక ఆరుగురు యువతీ యువకులు పోయారు. వారిని మోసుకు దిగినవారు మరునాడు డ్యూటీకి పోవలసిందే కదా! దివిసీమవారిని మెచ్చుకోవాలి. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో పోయిన వేలాదిమందికి అక్కడ ఏటా ఆ రోజున నివాళులర్పిస్తారు. ఆనాడు శవాలు మోసిన చేతులకూ అటువంటి చోటు అవసరమే.

సభలూ దినాలూ ఎందుకు, కూర్చోబెట్టి మాట్లాడిస్తే సరిపోదా అనవచ్చు. 1980 దశకంలో అమెరికాలో ఆ పద్ధతి మొదలై చాలా దేశాలకు పాకింది. ప్రమాదం జరిగిన ఒకటి రెండు రోజుల్లోనే సిబ్బందిని సమావేశపరిచి, చూసినదంతా చెప్పించేవారు. తరువాత పోల్చి చూస్తే ఒక్కసారి అలా చెప్పించడం వల్ల లాభం కనబడలేదు. కొందరికి చెరుపే జరిగింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా దాన్ని వద్దంటున్నది. పక్కన ఉండి, కావలసింది అందించి, వాళ్ళంతట వాళ్ళు చెబితే వినమంటున్నది. దినాల్లో జరిగేదీ అదే. అక్కడ మాట్లాడాలన్న బలవంతం లేదు. దండం పెట్టి, ఒక ముద్ద తిని రావచ్చు.

కనుక అమ్మా, మీ వారికి కొన్ని జాగ్రత్తలు. ఆ ఇంటివారు పిలిచారు కనుక సంకోచం అక్కరలేదు. పిలవకపోతే పోకూడదు, వారి దుఃఖం వారిది. ఆఖరి క్షణాల గురించి అడిగితే, అడిగినంతవరకే, నిజమే చెప్పాలి. గాయాల వర్ణన వద్దు. ప్రమాదం జరిగిన చోటుకు అదే రోజున పోవద్దు. అక్కడ గుండె దడ పుడితే బయటికి వచ్చి కాసేపు కూర్చోవడం తప్పు కాదు. పిలుపు లేనివారు పెత్రమాస నాడు తమ పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు ఆ మనిషి పేరున కూడా ఒక పిడికెడు ఇవ్వవచ్చు. మా టెక్నీషియను ఏటా ఇస్తున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు మందు మాత్రం ముట్టనివ్వకండి. మా వైపు దినాల్లో అది మామూలే కనుక చెబుతున్నాను. తాగి పడుకుంటే వచ్చేది నిద్ర కాదు, మత్తు. తెల్లవారుజామున అదే కల మరింత గట్టిగా వస్తుంది. మందుల షాపులో అడిగి కొనుక్కునే నిద్ర మాత్రలూ అంతే, పైగా అలవాటవుతాయి. కలలు, ఉలికిపాటు, తప్పించుకు తిరగడం నెల దాటినా తగ్గకపోతే, లేదా చచ్చిపోతే బాగుండునన్న మాట ఒక్కసారి నోట వచ్చినా, సంవత్సరీకం దాకా ఆగవద్దు. జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుణ్ణి కలవండి. 14416కు ఫోను చేస్తే రాత్రి పగలు ఎప్పుడైనా, పైసా ఖర్చు లేకుండా, తెలుగులోనే మాట్లాడతారు. ఫోను ఆయనే చేయాలని లేదు, మీరైనా చేయవచ్చు.