మెట్ట ఊళ్ల వెచ్చటి బావులు

విజయవాడ నుంచి హైదరాబాద్ రోడ్డు పట్టుకుని, కీసర దగ్గర మున్నేటి వంతెన దాటితే నందిగామ. ఇంకా ముందుకెళ్తే చిల్లకల్లు, ఆ పక్కనే జగ్గయ్యపేట. 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద ఇది ఎన్టీఆర్ జిల్లా. అలవాటైన నోళ్లకు మాత్రం ఇప్పటికీ కృష్ణా జిల్లా మెట్టే! డెల్టా పిల్లలు పంటకాలువలో ఈత నేర్చుకుంటే, ఈ నల్లరేగడి ఊళ్ల పిల్లలకు పొలంలో బావే ఈతకొలను. నడుముకు ఎండు సొరబుర్రో, మునగ బెండో కట్టుకుని గట్టు మీంచి దూకడమే!

ఆ బావి అందం చూడాలంటే పుష్యమాసంలోనే రావాలి. తెల్లవారుజామున గట్టు మీద నిలబడితే పళ్లు టకటకలాడతాయి. నీళ్ల మీద మాత్రం సన్నగా పొగలు! కారణం చిన్నదే. నేల లోతుల్లో వేడి ఏడాది పొడవునా పెద్దగా మారదు. అక్కడి నుంచి ఊరే నీరు ఎండాకాలం చల్లగా, చలికాలం వెచ్చగా అనిపిస్తుంది.

అక్కడ మూత... ఇక్కడ వాడకం

ఈ ప్రాంతం నుంచి అమెరికా వెళ్లినవాళ్లు చాలామందే. అక్కడ కొందరి ఇళ్ల పెరట్లో స్విమ్మింగ్‌పూల్ ఉంటుంది. మంచు కురిసే రాష్ట్రాల్లో చలి ముదిరేలోపు దాన్ని ‘మూసేస్తారు’. నీటిమట్టం తగ్గించి, పైపుల్లో గాలి కొట్టి చుక్క లేకుండా ఖాళీ చేసి, పైన పట్టా బిగిస్తారు. నీరు గడ్డకడితే సుమారు తొమ్మిది శాతం ఉబ్బుతుంది మరి, పైపులు పగలవూ! టెక్సాస్‌లో అంత చలి అరుదు కాబట్టి మూయరు, పంపు నడుపుతూ నీళ్లు కదిలిస్తుంటారు. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో కరెంటు పోయి, పంపులు ఆగి ఎన్నో ఇళ్ల పైపులు చిట్లాయి.

మన బావికి గడ్డకట్టే గొడవ లేదు. దాని శత్రువు నిలవ. నాలుగు రోజులు ఎవరూ ముట్టకపోతే పాచి పడుతుంది. మాఘం వచ్చేసరికి వేపాకు రాలి, నీళ్లలో కుళ్లి వాసనేస్తుంది. పొడవాటి వెదురు గడకు వల కట్టి రెండు రోజులకోసారి ఆకు తీయాలి. రోజూ కాసేపు మోటారు వేస్తే కొత్త ఊట కదులుతుంది. మెట్ల మీద పాచి గీకకపోతే కాలు జారడం ఖాయం.

బ్లీచింగ్‌కూ లెక్కుంది. వెయ్యి లీటర్లకు రెండున్నర గ్రాముల మంచి పౌడర్. అయిదు మీటర్ల వెడల్పు గుండ్రటి బావిలో నాలుగు మీటర్ల నీళ్లుంటే అవి దాదాపు 78,500 లీటర్లు. అంటే రెండొందల గ్రాములు చాలు! బక్కెట్లో కలిపి, సున్నం అడుగుకు చేరాక పైతేట మాత్రమే బావిలో పోయాలి. గంట ఆగాలి. దోమపిల్లల కోసం గంబూసియా చేపలు వదిలితే మాత్రం బ్లీచింగ్ జోలికి పోవద్దు. క్లోరిన్ చేపలకు పడదు.

మెట్టలో ఇంకో జాగ్రత్త ఉంది. పత్తి, మిరప చేలకు మందు కొట్టే రోజులివి. ఆ డ్రమ్ములు బావి గట్టున కడిగితే విషం నేరుగా నీళ్లలోకే. పిల్లలు ఈదే బావి దగ్గర ఆ పని అసలే వద్దు.

వదిలేసిన బావే ప్రమాదం

ఒకప్పుడు ఇవి మోట బావులు. తర్వాత ఆయిలింజన్లు, కరెంటు మోటార్లు వచ్చాయి. సాగర్ ఎడమ కాలువ నీళ్లు వచ్చాయి. బోర్లు పడ్డాక చాలా బావుల వైపు చూసేవాళ్లే కరువయ్యారు. గట్టు కూలి, తీగలు అల్లుకుని, నేల ఎక్కడ ఆగిందో తెలియని గుంతగా మిగిలినవీ ఉన్నాయి. సంక్రాంతికి పట్నం నుంచి వచ్చే పిల్లలకు ఆ గుంత సంగతి తెలియదు, చాలామందికి ఈతా రాదు.

అందుకే పండగ ముందే నడుమెత్తు గోడ కట్టించాలి. లోపలికి గట్టి మోకు వేలాడదీయాలి. ఈత వచ్చిన పెద్దవాళ్లు గట్టున లేకుండా పిల్లల్ని దింపకూడదు. పూడిక తీయడానికి పాడుబావిలోకి ఒక్కరే దిగడం ప్రాణాంతకం. అడుగున గాలి ఆడదు. లాంతరు వెలిగినంత మాత్రాన విషవాయువు లేదని కాదు. ఆయిలింజన్ లోపల పెట్టి నడపడం మరీ ప్రమాదం.

జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధ స్తూపం చూడ్డానికో, వేదాద్రి నరసింహస్వామి దర్శనానికో వెళ్తే దారిపక్క చేలల్లోకీ ఓ చూపు వేయండి. వాడుకలో ఉన్న బావి నీళ్లు నిగనిగలాడుతూ చెప్పకనే చెబుతాయి. మీ సొంత చేలోనే ఓ బావి ఉందా? అయితే చూసుకోండి. చూసుకోలేకపోతే పైన ఇనుప జాలీ బిగించండి. రెండూ చేయకుండా మాత్రం వదిలేయొద్దు!