కూర్చుని చూసిన ముంబయి

ముంబయి మారథాన్ సాధారణంగా జనవరి మూడో ఆదివారమే. 42.195 కిలోమీటర్లు. అందులో నాకిదే మొదటిసారి. ముందురోజు శనివారం ఖాళీ. తోటి రన్నర్లు ఎలిఫెంటా గుహలకు బయల్దేరారు. గేట్‌వే దగ్గర పడవెక్కితే గంట, దిగాక 120 మెట్లు. నేను మాత్రం రానన్నా. బెలుం గుహలు చూసి పెరిగిన కర్నూలోణ్ని, గుహలకేం తొందర? రేపటికి కాళ్లు కావాలి.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని మెరైన్ డ్రైవ్ చేరుకున్నా. సముద్రం పక్కన గట్టు మీద కూర్చున్న కాసేపటికే చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. మా ఊళ్లో చెమట పట్టిన సంగతి తెలిసేలోపే ఆరిపోతుంది. ఇక్కడి తేమగాలిలో అది ఆరదు, ఒళ్లు చల్లబడదు. కేసీ కెనాల్ గట్టు మీద ఆర్నెల్లు పరిగెత్తినా తెలియని విషయమిది. కిలోమీటరుకు ఆరు నిమిషాలనుకున్న లెక్కని అక్కడే ఆరున్నరకి మార్చుకున్నా. మధ్యాహ్నం అన్నం, పెరుగు. కొత్త తిండితో పొట్టకి పరీక్ష పెట్టే రోజు కాదు కాబట్టి, వడాపావ్ ఆదివారం సాయంత్రానికి వాయిదా.

అమ్మ ఫోన్ చేసింది. "అంత దూరం పోయి ఊరికే కూచున్నావా నాయనా?"

"రేపు చూస్తాలేమ్మా" అన్నా. మామూలు రోజుల్లో ఎవర్నీ నడవనివ్వని సీలింక్ మీద రేపు పరిగెత్తబోతున్నా మరి!