గచ్చి మీది ఎండ

మా ఇంటికి ఒక్కటే మీటరు. ఉండేది రెండు సంసారాలు. షోలాపూర్‌లో మన వాడల్లో ఇది కొత్తేమీ కాదు. మామ మిల్లులో పనిచేసిన రోజుల్లో కట్టిన ఇల్లు. ముందు రెండు అర్రల్లో మేము, వెనక మా మరిది వాళ్లు, నడుమ అత్త. మామ పోయి తొమ్మిదేండ్లయినా లైట్ బిల్లు ఆయన పేరు మీదే వచ్చేది.

బిల్లు వచ్చిన రోజు మా ఇంట్లో ఎవరికీ అన్నం సహించేది కాదు. మా కూలరు రాత్రంతా తిరుగుతదని వాళ్లు, వాళ్ల ఫ్రిజ్ పెద్దదని మేము. చివరికి చెరిసగం. అసలు దెబ్బ ఎక్కడుందో చాలా రోజులు నాకు అర్థం కాలేదు. మొదటి 100 యూనిట్లకు ఒక రేటు, అక్కడినుంచి 300 దాకా ఇంకో రేటు, అది దాటితే ఇంకా ఎక్కువ. రెండిండ్ల వాడకం ఒక్క మీటరు మీద పడితే పై రేటు తగలక ఏం చేస్తది? పోయినేడు మే నెలలో 340 యూనిట్లు కాలినయి. బిల్లు 4,200 దాటింది. మా వంతు 2,100. నేను పది రోజులు వంగి కూర్చొని బీడీలు చుట్టిన కూలి అంతా దానికే పోయింది.

సోలార్ మాట మా ఇంటాయన కార్ఖానాలో విని వచ్చిండు. 2024లో కేంద్ర సర్కారు తెచ్చిన పీఎం సూర్యఘర్ యోజనలో ఒక కిలోవాట్‌కు 30,000, రెండుకు 60,000, మూడు అంతకంటే ఎక్కువైతే 78,000 సబ్సిడీ. ఇది ఇంటి కనెక్షన్‌కే, సాంచెలు నడిచే కనెక్షన్‌కు కాదు. పేరులో 'ముఫ్త్ బిజిలీ' అని ఉందని ప్లేట్లు కూడా ముఫ్త్ అనుకోకుండ్రి. ముందు మనమే పెట్టాలి, సబ్సిడీ తర్వాత బ్యాంకు ఖాతాలో పడుతది. మొదట ఒకాయన వచ్చి 10,000 అడ్వాన్స్ నగదు ఇస్తే అంతా తానే చూసుకుంటనన్నడు. యోజన వెబ్‌సైట్‌లో రిజిస్టర్ అయిన వాళ్ల పేర్లుంటయి కదా, మా పెద్దబిడ్డ ఫోనులో వెతికితే ఆయన పేరు లేదు. మళ్లీ రాలేదు.

అసలు కొట్లాట డబ్బు దగ్గర రాలేదు, పేరు దగ్గర వచ్చింది. చనిపోయిన మనిషి పేరు మీద దరఖాస్తు పెట్టలేము. మీటరు బతికున్నోళ్ల పేరు మీదికి మారాలి. పెద్ద కొడుకు పేరు పెడుదామని మా ఇంటాయన మామూలుగానే అన్నడు. మా మరిది చేతిల చాయ్ గ్లాసు కింద పెట్టిండు.

"వదినె, ఈయాల బిల్లు మీద అన్న పేరు ఎక్కుతది. రేపు ఇల్లు కూడా అన్నదే అంటరు."

లైట్ బిల్లు ఉన్నంత మాత్రాన ఇల్లు సొంతం కాదని ఆయనకూ తెలుసు. కానీ మన వాడల్లో కాగితం అంటే భయం. రెండు మీటర్లు పెట్టుకుందామంటే వాటా రాసుకోవాలి, మళ్లీ అదే తగువు. ఇంకో మాట కూడా ఉంది. రెండు కిలోవాట్లకు గచ్చి మీద దగ్గర దగ్గర 200 చదరపు అడుగుల జాగా కావాలి. అక్కడ కొడుకు పెండ్లినాటికి ఒక అర్ర వేసుకోవాలని మా మరిది ఎన్నేండ్ల నుంచో అనుకుంటున్నడు.

రెండు వారాలు అన్నదమ్ములు మాట్లాడుకోలేదు. నేను, మా యారాలు మాత్రం రోజూ ఎదురెదురుగానే కూర్చొని బీడీలు చుట్టినం. ఏం చేస్తం, ఆకు ఇద్దరిదీ ఒక్కటే బకెట్ల నానబెట్టుకుంటం. ఒకరోజు అత్త వాకిట్లో కూర్చొని గట్టిగా అన్నది: "ఇద్దరు కొడుకులు కొట్టుకుంటుండ్రు. నేనేమన్న సచ్చిన్నా? నా పేరు పెట్టుండ్రి."

రేషన్ కార్డు, బీడీ కార్డు, పాస్‌బుక్ తప్ప ఇంకే కాగితం మీదా ఆమె పేరు మేము రాయించలేదు. ఆ మాట ముందు మాకెవరికీ తట్టనందుకు సిగ్గేసింది. మామ డెత్ సర్టిఫికెట్, ఇద్దరు కొడుకుల సమ్మతి కాగితం పెట్టి మీటరు ఆమె పేరు మీదికి మార్పించినం.

మొత్తం ఖర్చు 1,25,000 అయింది. నేను భిశీ ఎత్తి 25,000 తెచ్చిన, మిగతాది బ్యాంకు లోను. అత్త వయసు చూసి మా ఇంటాయనను కూడా సంతకం పెట్టమన్నరు. ప్లేట్లు ఎక్కిన తర్వాత నెట్ మీటరు రావడానికి అయిదు వారాలు పట్టింది. అంత ఎండ ఉత్తగనే పోతుంటే నాకు కడుపు మండింది. సబ్సిడీ 60,000 అత్త ఖాతాలో పడ్డ రోజే తీసి లోనుకు కట్టేసినం. ఇది చేయకపోతే ఆ డబ్బు ఇంట్ల నిలిచేది కాదు, నాకు మా ఇంటి సంగతి తెలుసు.

ఇప్పుడు నెలకు సుమారు 240 యూనిట్లు తయారైతున్నయి, వానకాలంలో తక్కువ. పగలు మిగిలింది లైనులోకి పోతది, రాత్రి మనం వాడుకున్న దాంట్లోంచి అది తీసేస్తరు. చలికాలంలో బిల్లు 150 దగ్గరికి దిగింది. సున్నా మాత్రం కాదు, ఫిక్స్‌డ్ చార్జి ఎప్పుడూ ఉంటది. ఈ మే నెలలో 850 వచ్చింది. లోను కిస్తు 1,150 కలిపినా పోయినేటి మే బిల్లులో సగమే.

ఒక సంగతి ముందే ఎవరూ చెప్పలేదు. మిట్టమధ్యాహ్నం కరెంటు పోతే మా ఫ్యాన్లు కూడా ఆగినయి. నెత్తి మీద నిప్పులు కురుస్తుంటే, ప్లేట్లు మెరుస్తుంటే, మేము అట్టముక్కతో విసురుకుంటూ కూర్చున్నం. పక్కింటామె నవ్వింది. లైను ఆగితే ఇన్వర్టరు కూడా తనంతట ఆగాలట. లేకుంటే మన గచ్చి మీది కరెంటు స్తంభమెక్కి పనిచేసే మనిషికి తగులుతది. బ్యాటరీ పెట్టుకుంటేనే ఆగదు, దాని ఖర్చు వేరే. కారణం విన్నాక నాకు కోపం పోయింది.

ఇంకోటి దుమ్ము. చుట్టూ కార్ఖానాలు, దూది నూగు వచ్చి ప్లేట్ల మీద పరుచుకుంటది. వారానికొకసారి తెల్లారకముందే తుడవాలి. కాలిన ప్లేటు మీద చల్లనీళ్లు పోయొద్దు, పగులుతదట.

స్టాండు ఎత్తుగా పెట్టించమని మా యారాలు పట్టుబట్టింది. దానికే 12,000 ఎక్కువైంది, అది కూడా ఆ లెక్కలోనే ఉంది. పొద్దున పది దాకా ఆ నీడల కూర్చొనే ఇద్దరం బీడీలు చుడుతున్నం. గచ్చి మీద అర్ర వేసే రోజు ప్లేట్లు దించి పైన ఎక్కించే ఖర్చు చెరిసగమని కాగితం రాసి అత్త పెట్టెలో పెట్టినం.

పోయిన వారం మా మరిది మేస్త్రీని తీసుకొచ్చి గచ్చి కొలిపించిండు. పిల్లగానికి సంబంధం కుదిరేటట్టుంది. మా ఇంటాయన టేపు రెండో కొస పట్టుకొని నిలబడ్డడు.