సగటులో తప్పిపోయిన ఎరుపు

జూన్ 18, 2024, మంగళవారం. విజయవాడ

చీరల షాపు వాళ్లు తమ దగ్గరున్న ఎల్‌ఈడీ లైట్ల ఖాళీ డబ్బాలు పంపారు. పక్కన సన్నటి అక్షరాల్లో ఉంది, సీఆర్‌ఐ 80కి పైన అని. యజమాని ఫోన్‌లో అడిగింది ఒక్కటే. "నూటికి ఎనభై అంటే ఫస్ట్ క్లాసే కదా మేడం, మరి ఎర్ర చీరలు వెనక్కెందుకు వస్తున్నాయి?"

ఆయనకు ఎదురుగా కూర్చుని చెప్పాల్సిన సంగతి ఇది. చెప్పేముందు ఇక్కడ రాసుకుంటే నాకే తేటపడుతుంది.

దీపాలకూ రంగులకూ అంతర్జాతీయ ప్రమాణాలు రాసే సంఘం సీఐఈ. సీఆర్‌ఐ, అంటే కలర్ రెండరింగ్ ఇండెక్స్ లెక్కను 1965లో పెట్టి, 1974లో సవరించింది. కొన్ని రంగు నమూనాలు పరీక్షించే దీపం కింద ఎలా కనిపిస్తాయో, అదే కలర్ టెంపరేచర్ ఉన్న ప్రామాణిక కాంతి కింద ఎలా కనిపిస్తాయో లెక్క కడతారు. ఒక్కో రంగుకూ వచ్చిన తేడాని 4.6తో హెచ్చవేసి నూరులోంచి తీసేస్తారు. ఆ 4.6 ప్రకృతిలోంచి వచ్చిన అంకె కాదు. అప్పటి వార్మ్ వైట్ ట్యూబ్‌లైటుకు యాభై దగ్గర మార్కు పడేలా కుదిర్చినది. కాబట్టి ఎనభై అంటే నూటికి ఎనభై రంగులు సరిగ్గా ఉన్నాయని కాదు. తేడా మరీ ఎక్కువైతే మార్కు సున్నా కిందికి కూడా దిగుతుంది.

ప్రామాణిక కాంతి సంగతీ చూడాలి. కలర్ టెంపరేచర్ 5000 కెల్విన్‌కు తక్కువైతే కాలి వెలిగే ఆదర్శ వస్తువు కాంతితో పోలుస్తారు, ఆ పైన అయితే పగటి వెలుగుతో. పాత ఫిలమెంట్ బల్బుకు దాదాపు నూరు మార్కులు పడేది అందుకే. ఆ బల్బు కింద నేవీ బ్లూ దారం ఏదో నల్ల దారం ఏదో తేల్చుకోలేక మా అమ్మ కుట్టు పని పొద్దుటికి వాయిదా వేసేది. నూరు మార్కులు వచ్చినంత మాత్రాన రంగులన్నీ విడివిడిగా తెలుస్తాయని అనుకోకూడదు.

అసలు చిక్కు నమూనాల్లో ఉంది. డబ్బా మీద వేసే అంకె ఎనిమిది రంగుల సగటు. బూడిద కలిసిన లేత ఎరుపు, బూడిద కలిసిన పసుపు, లేత నీలం, లేత ఊదా, ఇలా చాలావరకు నెమ్మదైన రంగులే. చిక్కటి ఎరుపు తొమ్మిదోది. దాన్ని ఆర్‌9 అంటారు. అది, దాని తర్వాతి చిక్కటి పసుపు, పచ్చ, నీలం, ఒంటి రంగు, ఆకు రంగు అన్నీ విడిగా లెక్కిస్తారు తప్ప సగటులో కలపరు. కుంకుమ రంగు, మంకెన పువ్వు రంగు, మెరూన్, వంకాయ రంగు మన పెళ్లిళ్లలో లేని రోజుందా? వాటిలో ఒక్కదాన్నీ అడక్కుండానే ఆ ఎనభై వచ్చింది.

జూన్ 22, శనివారం

పొద్దున్నే షాపుకెళ్లా, జనం రాకముందే. స్పెక్ట్రోమీటర్ కౌంటర్ మీద పెట్టి, చీర పరిచే చోటే కొలిచాను. గ్రాఫు నేననుకున్నట్టే ఉంది. 450 నానోమీటర్ల దగ్గర నీలం నిటారుగా లేచింది. 480 దగ్గర లోతుగా పడింది. తర్వాత పసుపు చుట్టూ వెడల్పాటి ఎత్తు, 620 దాటాక ఎరుపు జారిపోవడమే. సగటు డబ్బా మీద చెప్పినంత ఉంది. ఆర్‌9 మాత్రం సున్నా చుట్టుపక్కలే ఆడుతోంది.

డబ్బా అబద్ధం చెప్పలేదు. నీలం చిప్ మీద పసుపు ఫాస్ఫర్ పూసి తెల్ల వెలుగు రాబడితే ఎరుపు కొసన వెలుగు తక్కువే పుడుతుంది. ఎక్కువ పుట్టించవచ్చు, ఎర్ర ఫాస్ఫర్ కలిపితే సరి. కానీ మన కంటికి పగటి చూపులో 555 దగ్గరి పచ్చ కాంతి అన్నిటికన్నా ప్రకాశంగా తోస్తుంది. 650 దగ్గరి ఎరుపు అదే శక్తితో వచ్చినా చాలా మసకగా తోస్తుంది. ల్యూమెన్ల లెక్క ఆ కంటి తూకం మీదే కడతారు. ఎరుపు పెంచితే వాటుకు వచ్చే ల్యూమెన్లు తగ్గుతాయి. కరెంటు ఆదా ఒక్కటే కొలతగా పెట్టుకుని బల్బులు కొన్నన్నాళ్లూ మనం ఎరుపునే వదులుకున్నాం. ఎల్‌ఈడీల వల్ల మిగిలిన కరెంటు చిన్నది కాదు, 2015 జనవరిలో మొదలైన ఉజాలా పథకం కోట్ల బల్బులు ఇళ్లకు చేర్చింది. ఆ మేలు నేను కాదనను. రంగు అమ్మే చోట ఆ లెక్క ఒక్కటే పట్టుకోవడం మాత్రం తప్పు.

పాత సేల్స్‌మన్ ఒకాయన ఉన్నారు, అందరూ బాబాయ్ అంటారు. మెరూన్ గద్వాల్ చీర ఒకటి పరిచి, మడత పట్టుకుని గుమ్మం బయటికి నడిచారు. "రామ్మా, ఇక్కడ చూడు. మిషను లేకుండా నేను రోజూ చేసే పరీక్ష ఇదే. ఆడవాళ్లు అడక్కముందే బయటికి పట్టుకొస్తాను." బయట మెరూన్‌లోంచి ఎరుపు పైకొచ్చింది. లోపల అది గోధుమ వైపు వాలి, చచ్చిపోయినట్టుంది. అంచు పచ్చలో మాత్రం నాకు తేడా కనిపించలేదు.

ఆయన చేసే పని శాస్త్రం ప్రకారం కూడా సరైనదే. పోల్చి చూడటానికి పగటి వెలుగును మించిన ప్రమాణం ఆ షాపులో లేదు. అయితే సాయంత్రం ఏడింటికి వచ్చే బేరానికి ఆ గుమ్మం పనికిరాదు. అదే ఆయన బాధ. "రాత్రి అమ్మిన ఎరుపుకి నాది పూచీ లేదమ్మా" అన్నారు. నలభై ఏళ్లు రంగులతో బతికిన మనిషి అలా అనాల్సి రావడం నాకు నచ్చలేదు.

జూన్ 27, గురువారం

వన్‌టౌన్‌లో మ్యాచింగ్ సెంటర్ల మధ్య మధ్యాహ్నమంతా గడిపా. చీర కొంగు కౌంటర్ మీద పరిచి, జాకెట్టు ముక్కలు ఒకదాని తర్వాత ఒకటి ఆనించి చూపిస్తారు. ట్యూబ్‌లైటు కింద అతికినట్టు కలిసిన ముక్క వీధిలోకి రాగానే విడిపోతుంది. కుట్టినవాడినీ అమ్మినవాడినీ తిట్టుకుంటాం. ఇందులో వాళ్ల తప్పు చాలాసార్లు ఉండదు.

పట్టుకు వేసే రంగుమందు వేరు, నూలుకు వేసేది వేరు. రెండూ కంటికి ఒకే నెమలికంఠం రంగులా తోచినా, ఏ తరంగాన్ని ఎంత తిప్పి పంపుతాయన్నది రెండింటిలోనూ వేరు. మన కంట్లో రంగు పట్టే కణాలు మూడు రకాలే. ఎన్నో తరంగాల కలగలుపు ఆ మూడు అంకెలకు కుదించుకుపోతుంది కాబట్టి, వేరువేరు కలగలుపులు ఒకే రంగుగా అనిపించవచ్చు. దీపం మారితే ఆ కుదురు చెడుతుంది. రంగుల పనివాళ్లు దీన్నే మెటామెరిజం అంటారు. ఎగుమతి బట్టల రంగు సరిచూసే చోట్ల లైట్ బాక్సు పెట్టుకుంటారు. డీ65 అనే పగటి వెలుగు, టీఎల్84 అనే షాపు ట్యూబ్‌లైటు, ఫిలమెంట్ వెలుగు, అల్ట్రావయొలెట్, ఇలా ఒక్కో మీటా నొక్కి అదే జత ముక్కలు చూస్తారు. అన్నిటి కిందా కలిస్తేనే పాసు.

అంత పెట్టె ప్రతి మ్యాచింగ్ సెంటర్‌కూ అక్కర్లేదు. కౌంటర్ మీద రెండు రకాల దీపాలు, రెండు స్విచ్చులు ఉంటే చాలు. ఒకదాని కింద కలిసి రెండోదాని కింద విడిపోయే ముక్క అక్కడే పట్టుబడుతుంది. ఒక షాపులో కుర్రాడికి చెప్తే, ఫోన్ టార్చి వేసి వెంటనే చూసేశాడు. వాడికి సంగతి పట్టుబడింది.

జూలై 3, బుధవారం

రాత్రి హైవే మీద వస్తుంటే కొంత మేర పాత సోడియం దీపాలే ఉన్నాయి. మా ఎర్ర కారు ఆ మేరంతా మట్టి రంగు. అధిక పీడన సోడియం దీపానికి సీఆర్‌ఐ ఇరవై పైచిలుకు. అల్పపీడన సోడియం దీపమైతే దాదాపు 589 నానోమీటర్ల పసుపు ఒక్కటే ఇస్తుంది, దాని మార్కు సున్నా కంటే బాగా కింద. విశాఖలో 2014 అక్టోబర్ హుద్‌హుద్ తుఫాను తర్వాత వీధి దీపాలు ఎల్‌ఈడీలకు మారాక రాత్రి వీధికి రంగులు తిరిగొచ్చాయి. అది నిజంగా పెద్ద మార్పు.

జూలై 8, సోమవారం

ఆషాఢం మొదలైంది, షాపులో నిలబడే చోటు లేదు. పని వాయిదా.

మా పిన్ని కూతురు పసిపిల్లల వార్డులో స్టాఫ్ నర్సు. భోజనానికొచ్చింది. ఎర్ర చీరల గోల చెప్తుంటే మధ్యలో ఆపింది. "అక్కా, నీకు చీర, మాకు పసివాడి పెదవి. నీలం తిరిగిందా లేదా అన్నది చూపుతోనే ముందు పట్టుకోవాలి."

దీని మీద నాకు తెలిసింది ఆమెకు చెప్పా, నాకు తెలియనిది ఆమె చెప్పింది. ఆక్సిజన్ అందుకున్న రక్తానికీ అందనిదానికీ రంగులో తేడా బాగా తెలిసేది 660 నానోమీటర్ల చుట్టూ. వేలికి తొడిగే పల్స్ ఆక్సీమీటర్ రెండు కాంతులతో పని చేస్తుంది, అందులో ఒకటి ఆ ఎరుపే. వార్డు దీపంలో ఆ చోట వెలుగు తక్కువైతే బాగున్న బిడ్డ కూడా నీలంగా అనిపించవచ్చు, అప్పుడు అనవసరపు కంగారు. ఆ చోట వెలుగు మరీ ఎక్కువైతే నీలం తిరిగిన బిడ్డ ఎర్రగా అనిపించవచ్చు, అది ప్రాణం మీదికి వస్తుంది. అందుకే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ ఆసుపత్రి దీపాల ప్రమాణంలో దీనికోసం సైనోసిస్ అబ్జర్వేషన్ ఇండెక్స్ అని వేరే కొలత పెట్టుకున్నాయి. అది 3.3 దాటకూడదు, కలర్ టెంపరేచర్ 3300కూ 5300కూ మధ్య ఉండాలి. సీఆర్‌ఐ బాగున్న దీపం కూడా ఇందులో తప్పవచ్చు.

సీఐఈ వాళ్ల పదమూడో నమూనా తెల్లవాళ్ల ఒంటి రంగు. జపాన్ వాళ్లు తమ మనుషుల ఛాయతో పదిహేనోది చేర్చుకున్నారు. మన చామనఛాయ ఆ వరసలో లేదు. చెల్లి అన్న మాట బరువైనది. మన పిల్లల్లో నీలం ఒంటి మీద తేలిగ్గా తెలియదు, నాలుక, పెదవి లోపలి వైపు, చిగుళ్లు చూడాలి అంది. చూసే చోటు అంత చిన్నదైనప్పుడు వెలుగులో లోపం ఇంకా ఖరీదైనది. ఆసుపత్రి దీపాల టెండరులో వాట్లూ ల్యూమెన్లతో పాటు ఈ కొలత కూడా అడగాలని నా గట్టి అభిప్రాయం.

జూలై 14, ఆదివారం

యజమాని ఇంటికి పిలిచారు. కాఫీ అయ్యాక అడిగారు. "ఎరుపు సరిపోతుంది సరే. సరుకు ఉన్నదానికన్నా ఇంకాస్త నిండుగా కనబడే లైట్లు ఉన్నాయటగా?"

ఉన్నాయి. నియోడిమియం కలిపిన గాజు 580 దగ్గరి పసుపును మింగేసి ఎరుపునీ పచ్చనీ విడదీస్తుంది, వాటికి నిండుదనం వస్తుంది. మాంసం, కూరగాయల కౌంటర్ల మీద గులాబీ ఛాయ దీపాలు చూస్తూనే ఉంటాం. ఉన్నదున్నట్టు కనబడటం వేరు, మెప్పించేలా కనబడటం వేరు అని రంగుల శాస్త్రవేత్త జడ్ 1967లోనే రాసి, రెండోదానికి విడిగా ఒక సూచిక ప్రతిపాదించాడు. ఒక్క సీఆర్‌ఐ ఈ రెండింటినీ విడదీయలేదు. రంగు వెలిసినట్టు కనిపించినా, నిండుగా కనిపించినా అది మార్కు తగ్గిస్తుందంతే.

అమెరికా దీపశాస్త్ర సంఘం ఐఈఎస్ 2015లో తెచ్చిన టీఎం-30 అందుకే నాకు ఇష్టం. అందులో నమూనాలు తొంభై తొమ్మిది. లక్షకు పైగా వస్తువుల కొలతల్లోంచి ఏరినవి. ఆకులు, పూలు, ఒంటి రంగులు, బట్టలు, పెయింట్లు, ప్లాస్టిక్కులు అన్నీ ఉన్నాయి. నిజాయితీకి ఆర్‌ఎఫ్ అని ఒక అంకె, నిండుదనానికి ఆర్‌జీ అని ఇంకొకటి. వాటితో పాటు రంగుల చక్రాన్ని పదహారు ముక్కలు చేసి ఏ ముక్క లోపలికి ముడుచుకుందో, ఏది బయటికి ఉబ్బిందో బొమ్మగా చూపిస్తుంది. ఆ నిజాయితీ అంకెను సీఐఈ కూడా 2017లో తీసుకుంది. అయినా డబ్బాల మీద ఇంకా పాత ఎనభయ్యే ముద్రిస్తున్నారు. తెల్ల ఎల్‌ఈడీలను వరసలో పెట్టడానికి పాత లెక్క సరిపోదని సీఐఈ నివేదికే 2007లో చెప్పింది. చెప్పిన పదిహేడేళ్ల తర్వాత కూడా కొనేవాళ్ల చేతికి ఆ అంకే ఇవ్వడం నాకు కోపం తెప్పిస్తుంది.

యజమాని ముందు రెండు దీపాల బొమ్మలూ పెట్టాను. ఒకదాంట్లో ఎరుపు ముక్క లోపలికి నొక్కుకుపోయి ఉంది, అది ఇప్పటి షాపు. రెండోదాంట్లో గీత గుండ్రంగా ఉంది. చాలాసేపు చూశారు. "ఉబ్బించినా కొన్నావిడ ఇంటికెళ్లి వెలిసిందనే అంటుందన్నమాట" అన్నారు. చీర కట్టేది షాపులో కాదు. ముహూర్తం పగలైతే పందిట్లో, రాత్రైతే ఫంక్షన్ హాల్లో, ఆ తర్వాత ఇంట్లో. అన్ని చోట్లకూ తగినట్టు ఉబ్బించడం ఎవరి తరం కాదు. అన్నిటికీ దగ్గరగా ఉండేది ఉన్నదున్నట్టు చూపే దీపమే.

జూలై 20, శనివారం

పంచెల విభాగం తేలలేదు. తెల్ల పంచెలకు మిల్లులో వేసే ఆప్టికల్ బ్రైటెనర్ కంటికి కనబడని అల్ట్రావయొలెట్‌నీ ఊదా అంచునీ పీల్చుకుని నీలంగా వెలుగుతుంది. నీలం చిప్ ఎల్‌ఈడీలో ఆ భాగం దాదాపు లేదు, అందుకే పంచె మాసినట్టు ఉంటుంది. సీఆర్‌ఐ గానీ టీఎం-30 గానీ దీన్ని అసలు చూడవు. వెలుగును తిప్పి పంపే నమూనాలే తప్ప తామే వెలిగే నమూనాలు వాటిలో లేవు. ఊదా చిప్‌తో చేసిన ఎల్‌ఈడీలు దీనికి మందు, ధర ఎక్కువ. పంచెల బల్ల ఒక్కదానికే వాటిని అడిగి చూస్తాను.

చీరలు పరిచే బల్లల మీద దీపాలు మార్చడానికి యజమాని ఒప్పుకున్నారు, నడవాల్లో పాతవే ఉంచుతారు. డబ్బు దృష్ట్యా అది సబబే. సోమవారం సప్లయర్‌కు పంపే కొటేషన్ అడిగే కాగితంలో రాయాల్సినవి: సగటు 90కి తక్కువ కాకూడదు, ఆర్‌9 50కి తక్కువ కాకూడదు. కాలిఫోర్నియా ఇళ్లకు పెట్టుకున్న నాణ్యత షరతుల్లోనూ ఇవే అంకెలు ఉన్నాయి, ఇక్కడ దొరకవంటే ఒప్పుకోను. టీఎం-30 బొమ్మ లేకుండా వచ్చిన కొటేషన్ తిప్పి పంపాలి. శాంపిల్ దీపం బాబాయ్ దగ్గర రెండు రోజులు ఉంచాలి, ఆయన సరే అన్నాకే ఆర్డరు. శ్రావణ శుక్రవారాలకు ముందే పని పూర్తి కావాలంటే సప్లయర్‌కు వారం కంటే ఎక్కువ టైమ్ ఇవ్వలేను.