మావారికి నచ్చిన ఓడ పప్పు

మా పెళ్ళయి ముప్పై నాలుగేళ్ళయింది. ఇన్నేళ్ళలో నేను చేసిన పప్పు తిని మావారు "బాగుంది" అన్న రోజు నాకు గుర్తులేదు. "ఉప్పు కాస్త తగ్గిందేమో", "చింతపండు కొత్తదా?" ఇవీ ఆయన నోటి నుంచి వచ్చే మాటలు. ఏమీ అనకుండా తిని లేచారంటే ఆ పూట వంట కుదిరిందని నేనే అర్థం చేసుకోవాలి. మీలో చాలామందికి ఇది కొత్త సంగతేమీ కాదని నాకు తెలుసు. కానీ అలాంటి మనిషి నడిసముద్రంలో, ముక్కూమొహం తెలియని వంటవాడెవరో చేసిన పప్పు తిని, చెంచా కింద పెట్టి, "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే నమ్మండి.

అసలు మేం ఓడెక్కడమే ఒక విచిత్రం. మాది పాతబస్తీలో గౌలిపురా. సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా రైల్లో కూర్చోవాల్సిన ఊరు మనది. మా అమ్మాయి, అల్లుడుగారు అమెరికాలో డల్లాస్‌లో ఉంటారు. 2023 డిసెంబరులో మేం వెళ్ళినప్పుడు, "అమ్మా, ఐదు రోజులు నువ్వు వంటింటి మొహం చూడకూడదు" అని ఓడకి టిక్కెట్లు కొనేసింది. డల్లాస్ నుంచి కారులో ఐదు గంటలు వెళితే గాల్వెస్టన్ అని రేవుపట్నం. అక్కడ ఎక్కితే మెక్సికో తీరంలో కోజుమెల్ దీవి చూపించి మళ్ళీ అక్కడికే తెచ్చి దింపుతారు. డల్లాస్, హ్యూస్టన్ తెలుగువాళ్ళు అమ్మానాన్నలు వస్తే చూపించేవాటిలో ఇదీ ఒకటైపోయిందట.

నేనూ ఊరుకుంటానా! చింతకాయ తొక్కు, నువ్వుల పొడి, కారప్పొడి డబ్బాలకెత్తి బ్యాగులో అడుక్కి పెట్టాను. రేవు దగ్గర అమ్మాయి బ్యాగు సర్దుతూ చూసి నెత్తి కొట్టుకుంది. ఇంట్లో వండినవి ఏవీ ఓడలోకి రానివ్వరట. షాపులో కొన్నవి, సీలు తీయని పొట్లాలైతే పరవాలేదట. నా తొక్కు డబ్బా కారు డిక్కీలోనే ఉండిపోయింది. మీరు వెళ్ళేదుంటే ఈ సంగతి ముందే తెలుసుకుని సీలువేసిన పొడులు రెండు కొనుక్కోండి.

ఓడలో తిండికి రెండు రకాల చోట్లు. పైఅంతస్తులో బఫే. పొద్దుటినుంచి రాత్రిదాకా ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది, ఎవరికి కావలసింది వాళ్ళు పళ్ళెంలో పెట్టుకోవడమే. కింద డైనింగ్ రూము. అది రెండంతస్తుల హాలు, మధ్యలో షాండ్లియర్లు, తెల్లటి గుడ్డలు పరిచిన బల్లలు. నాకు వెంటనే మన ఫలక్‌నుమా ప్యాలెస్ గుర్తొచ్చింది. మా పేట నుంచి ఆటోలో వెళ్ళేంత దూరమే అయినా 2010లో అది హోటలయ్యాకే నేనూ ఒకసారి లోపలికి వెళ్ళి, నూటొక్కమంది ఒకేసారి కూర్చునే ఆ భోజనాల బల్ల చూశాను. అక్కడ ఒక నవాబుగారికి నూరుమంది అతిథులు. ఇక్కడ ఒక్క పూటకి వెయ్యిమందికి పైనే అతిథులు, అందరూ నవాబులే!

డైనింగ్ రూములో మీ బల్ల మీకుంటుంది. ఐదు రోజులూ అదే బల్ల, అదే వెయిటరు. రాత్రి భోజనానికి రెండు బంతులు, ఆరింటికొకటి, ఎనిమిదింటికొకటి. రోజూ మెనూ కార్డు మారుతుంది. ముందు సూపో సలాడో, తరువాత అసలు వంటకం, ఆఖరికి తీపి. కార్డులో ఉన్నవి ఎన్ని తెమ్మన్నా తెస్తారు, టిక్కెట్టులోనే లెక్క. కొన్ని ఖరీదైన మాంసాలకి మాత్రం పక్కన ధర వేసి ఉంటుంది. ఈ మాట అల్లుడుగారు చెప్పగానే మావారి కళ్ళు మెరిశాయి.

ఓడ భోజనాలలో ఈ హంగు కొత్తదేం కాదు. 1912 ఏప్రిల్ 14 రాత్రి, మునగబోయే ముందు, టైటానిక్‌లో మొదటి తరగతివాళ్ళు పదిరకాల వరసలతో విందు చేశారు. అదే ఓడలో అడుగున ఉన్న మూడో తరగతి వాళ్ళకి ఆ రాత్రి కార్డులో రాసింది గంజి, బిస్కెట్లు, జున్ను. ఇప్పుడు కిటికీలేని చౌక గదివాళ్ళకీ, బాల్కనీ గదివాళ్ళకీ డైనింగ్ రూములో ఒకే కార్డు. అది నాకు నచ్చింది.

ఇక రుచి సంగతి. మొదటిరోజు రాత్రి శాకాహారం అని చెబితే నాకు పాస్తా, ఉడకబెట్టిన కూరముక్కలు వచ్చాయి. ఉప్పు లేదు, కారం లేదు, పేషెంటుకి పెట్టినట్టుంది. అందులోనూ ఒక మెలిక ఉంది. మనం వెజిటేరియన్ అంటే వాళ్ళ లెక్కలో గుడ్డు, జున్ను తింటామనే. కూరగాయల సూప్ అని రాసున్నా అది కోడి ఎముకలు ఉడికించిన నీళ్ళతో చేసి ఉండొచ్చు. అడిగి తెలుసుకోవాలి. "ఇండియన్ వెజిటేరియన్" అని విడిగా చెప్పాలి. నేను రెండు ముద్దలు తిని పళ్ళెం పక్కకి జరపడం చూసి హెడ్ వెయిటరు మా బల్ల దగ్గరికి వచ్చాడు. చూస్తే మనవాడే, మంగుళూరు అబ్బాయి. "ముందు రోజు రాత్రే చెబితే రేపటికి మన వంట చేయిస్తాను ఆంటీ" అన్నాడు. వంటశాలలో మనదేశం వాళ్ళు బోలెడుమంది ఉన్నారట.

రెండోరోజు వచ్చాయి. పప్పు, జీలకర్ర అన్నం, ఆలూ గోబీ, రోటీ, అప్పడం. ఆ పప్పు తినే మావారు ఆ మాట అన్నది.

నిజం చెప్పొద్దూ, పప్పు బాగానే ఉంది. కందిపప్పు మెత్తగా ఉడికించి, టొమాటో వేసి, పైన ఇంత వెన్న పోశారు. అంత వెన్న పోస్తే చెప్పు ఉడకేసినా రుచిగానే ఉంటుందని నాకనిపించింది. పైకి అనలేదు. గదిలోకి వచ్చాక మాత్రం ఆగలేకపోయాను. "ముప్పై నాలుగేళ్ళు వండిపెట్టాను. ఒక్కరోజైనా నాతో ఆ మాట అన్నారా?" అనేశాను. ఆయన చొక్కా గుండీలు విప్పుకుంటూ, "బయటివాళ్ళు పెట్టింది తిని బాగుందనకపోతే మర్యాదా? నువ్వేమైనా బయటిదానివా?" అన్నారు.

ఇది పొగడ్తా, తెగడ్తా? నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ రాత్రి అటు తిరిగి పడుకున్నాను. మర్నాడంతా అమ్మాయి ద్వారానే మాట్లాడుకున్నాం.

నేను మాట్లాడని ఆ ఒక్క రోజే కొంప ముంచింది. మావారికి పన్నెండేళ్ళుగా షుగరు. ఇంట్లో అన్నం కప్పుతో కొలిచి పెడతాను, తీపి వాసన కూడా తగలనివ్వను. ఆ రోజు నేను మౌనవ్రతంలో ఉన్నానని ఆయన మధ్యాహ్నం బఫేలో ఐస్‌క్రీము, రాత్రి కరిగిన చాక్లెట్టు కేకు, "ఇంకొకటి తెమ్మను" అని మరొకటి. నాలుగో రోజు పొద్దున కళ్ళు తిరుగుతున్నాయంటూ మంచం మీద కూర్చుండిపోయారు. మిషను పెట్టి చూస్తే 312! భోజనం వేళలు మారేసరికి రెండు పూటలు మాత్ర వేసుకోవడం కూడా మర్చిపోయారట. ఓడలో డాక్టరున్నాడుగానీ, ఆ ఫీజు డాలర్లలో గది ఖాతాలో పడుతుందని ఈయన ససేమిరా రానంటారు. నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. చుట్టూ నీళ్ళు, నాకు తెలిసిన డాక్టరు చార్మినారు అవతల ఉన్నాడు. "సాయంత్రానికి తగ్గకపోతే మోసుకెళ్ళి అయినా చూపిస్తాం నాన్నా" అని అమ్మాయి గట్టిగా చెప్పింది. మాత్ర వేయించి, పెసరట్టు లేదు కాబట్టి ఉడికిన గుడ్డు, పెరుగు పెట్టించి, మంచినీళ్ళు తాగించాను. సాయంత్రానికి 198కి దిగింది. అదృష్టం, అంతే. మీరు మాత్రం ఫీజు చూసుకుని ఆగకండి. మిషను, మాత్రలు చేతిసంచీలోనే పెట్టుకోండి, పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రమవుతుంది.

ఆ మధ్యాహ్నమే నేను, అమ్మాయి డైనింగ్ రూముకి వెళ్ళి మంగుళూరు అబ్బాయిని పట్టుకున్నాం. పప్పులో వెన్న వద్దు, అన్నం బదులు రెండు రోటీలు, తీపి కార్డు అసలు చూపించొద్దు అని చెప్పాను. అతను నవ్వలేదు, పుస్తకంలో రాసుకున్నాడు. "మా నాన్నగారికీ ఇదే ఆంటీ" అన్నాడు. ఇల్లు వదిలి ఏడు నెలలయిందట. ఇంకో నెల ఉంటే కాంట్రాక్టు అయిపోతుందట. మరి నువ్వేం తింటావు బాబూ అంటే, పనివాళ్ళకి కింద వేరే భోజనశాల ఉందనీ, అక్కడ అన్నం, ఏదో ఒక కూర రోజూ ఉంటాయనీ చెప్పాడు. "ఈ కార్డులో ఉన్నవి మాత్రం మోస్తాను, అంతే" అన్నాడు. ఆ మాట తరువాత నేను పళ్ళెంలో ఏదీ వదిలెయ్యలేకపోయాను.

ఆ అబ్బాయి ఒక గుట్టు చెప్పాడు, మీకూ చెబుతాను. పెళ్ళి భోజనాలలో మొదటి బంతికీ ఆఖరి బంతికీ తేడా ఉన్నట్టే ఓడలోనూ. బఫేలో వండినవి వేడి దీపాల కింద గంటలకొద్దీ ఉంటాయి. కింద డైనింగ్ రూములో పళ్ళెంలోకి అప్పటికప్పుడు సర్ది తెస్తారు. అందుకే తిండి కింద బాగుంటుంది. సరుకంతా బయలుదేరే రేవులోనే ఎక్కించేస్తారు కాబట్టి ఆకుకూరలు, పళ్ళు మొదటి మూడురోజులే తాజాగా ఉంటాయి. ఐదోరోజు సలాడు ఆకుల్ని చూస్తే నాకు మండుటెండలో మీరాలం మండి కొత్తిమీర గుర్తొచ్చింది!

శుభ్రం విషయంలో మాత్రం వంక పెట్టలేను. బఫే గుమ్మంలో ఒకమ్మాయి నిలబడి ప్రతివాళ్ళనీ చేతులు కడుక్కోమంటుంది. నోరోవైరస్ అని వాంతులు, విరేచనాలు తెచ్చే క్రిమి ఓడల్లో తొందరగా పాకుతుంది. చేతికి రాసుకునే శానిటైజరుకి అది సరిగా లొంగదు, సబ్బూ నీళ్ళే మందు. అమెరికా రేవులకు వచ్చే ఓడల్ని అక్కడి ఆరోగ్యశాఖవాళ్ళు చెప్పాపెట్టకుండా తనిఖీ చేసి నూటికి మార్కులు వేస్తారు. 85 గాని అంతకు తక్కువ గాని వస్తే తప్పినట్టే. ఆ మార్కులు అందరూ చూసుకోవచ్చు. మన వంటిళ్ళకీ ఎవరైనా ఇలా వస్తే ఎన్ని మార్కులొస్తాయో అని నవ్వుకున్నాను.

ఆఖరి రాత్రి మావారి ముందుకి తీపి కార్డుకి బదులు బొప్పాయి, పుచ్చకాయ ముక్కల పళ్ళెం వచ్చింది. ఆయన ఆ అబ్బాయి వంక, తరువాత నా వంక చూశారు. మాట్లాడకుండా తిన్నారు.

సంక్రాంతికి ఇల్లు చేరాం. పక్కింటి ఖాలా గోడ మీదనుంచే, "ఓడలో ఏం పెట్టారమ్మా?" అని అడిగింది. వాళ్ళ అత్తగారు వెనకటి రోజుల్లో బొంబాయి నుంచి ఓడలో హజ్‌కి వెళ్ళారట. 1995 తరువాత మనదేశం నుంచి ఆ ఓడలు ఆగిపోయి, అందరూ విమానాల్లోనే వెళుతున్నారు. అప్పట్లో ఆవిడ రేకుపెట్టెలో వేయించిన శెనగలు, కుల్చాలు, నిమ్మకాయ అచార్ మోసుకెళ్ళారట. జెడ్డా చేరేలోపు పెట్టె ఖాళీ. "తిరిగొచ్చి గుమ్మంలోనే, ముందు ఖట్టీ దాల్ చెయ్యమన్నారు" అని ఖాలా నవ్వింది. చింతపండు పులుపుతో ఆవిడ చేసే ఖట్టీ దాల్ మా గల్లీ అంతా ఎరుగుదురు. నేను ప్రయాణం బడలికతో ఉన్నానని ఆ మధ్యాహ్నం ఒక గిన్నెడు పంపించింది.

మావారికి అదే వడ్డించాను. ఎవరు చేశారో చెప్పలేదు. రెండు ముద్దలు కలుపుకుని, ఆగి, నా వంక చూసి అన్నారు కదా, "ఉప్పు కాస్త తగ్గిందేమో!"

ఖాళీ గిన్నె ఇవ్వకూడదు కదా, నాలుగు సకినాలు వేసి తీసుకెళ్ళాను. "మీ ఆయనకి నచ్చిందా?" అని అడిగింది ఖాలా. చాలా బాగుందన్నారని చెప్పాను.