వెలుతురు కొలత యెవ్వరిది?

మా కంచికచర్ల మెట్టసీమలో చలికాలమున ప్రత్తిచేలు విచ్చును. నల్లరేగడి నేలపై ఆ తెలుపు కన్నుల కెంత వెలుగో చూచినవారికే తెలియును. ఆ చేనిని దగ్గఱనుండి, పటమంతయు ప్రత్తియే నిండునట్లు, వెలుతురు నిర్ణయమును డిజిటల్ కెమేరాకే వదలి ఫొటో తీసి చూడుడు. ప్రత్తి తెల్లగా రాదు; మాసిన ధోవతివలె బూడిదరంగున వచ్చును. అదే యెండలో, అదే విధముగా, నల్లని గేదెను తీయుడు. అది నల్లగా రాదు; అదియు బూడిదరంగే. ఇది కెమేరా చెడిపోవుటవలన గాదు. తయారుచేసినవారు దాని కట్లే నేర్పి పెట్టినారు.

కెమేరాలోని కొలతపనిముట్టు ఎదుటి వస్తువునుండి తిరిగి వచ్చు వెలుతురును మాత్రమే కొలుచును. ఎదుట నున్నది ప్రత్తియో గేదెయో దాని కక్కఱలేదు. లోకమందలి దృశ్యములు సగటున తమపై బడిన వెలుతురులో నూటికి 18 పాళ్లు తిరిగి పంపునని లెక్క గట్టి, తెల్లనిదానిని ఆ నడిమి బూడిదకు దించును, నల్లనిదానిని అంతవఱకు ఎక్కించును. మా పొరుగున పరిటాలలో జాతీయరహదారి ప్రక్క 2003లో నెలకొల్పిన 135 అడుగుల ఆంజనేయస్వామి విగ్రహమున్నది. దారినిపోవు యాత్రికులు క్రింద నిలువబడి ఫోనెత్తి తీసిన చిత్రములలో తఱచుగా స్వామి ముఖము చీకటియై యుండును. చుట్టును ఉన్న ఆకాశపు వెలుగునకు జడిసి యంత్రము మొత్తము మీద వెలుతురు తగ్గించుటయే కారణము. యాత్రికుడు వచ్చినది స్వామికొఱకు. యంత్రము చూచినది ఆకాశమును.

ఈ కొలతపనిముట్లు లేని కాలమున ఫొటోలు తీయలేదా? మీరట్ చెంత సర్ధానాలో 1844లో జన్మించి, ఆఱవ నిజాము మహబూబ్ అలీఖానుగారి కొలువున ఛాయాగ్రాహకుడైన రాజా దీన్‌దయాళ్, 1892లో ఘోషా స్త్రీలకొఱకే హైదరాబాదున జనానా స్టూడియో తెఱచెను. ఎత్తైన గోడల నడుమ, మగవారి కంటబడకుండ, కెన్నీ లెవిక్ అను ఆంగ్లవనిత యా స్త్రీల చిత్రములు తీయుచుండెడిది. గాజుపలకపై వెలుతు రెంతసేపు పడనీయవలెనో ఆ గోడల లోపల ఒక స్త్రీ తన కంటితో, అనుభవముతో నిర్ణయించినదన్న మాట. కెమేరా మీటలు ఆడువారికి కొఱుకుడుపడని పనులని నేడును అనువారు కలరు. వారికి నేను చెప్పునది ఈ యొక్క సంగతియే.

తనంత తాను వెలుతురును నిర్ణయించుకొను కెమేరా 1938లో వచ్చినది. కోడక్ సూపర్ సిక్స్-20 దాని పేరు. అది కలవారి సొత్తుగానే ఉండిపోయెను. 1976లో కానన్ కంపెనీవారు ఏ.ఇ.-1 కెమేరాలో మైక్రోప్రాసెసరు పెట్టిన తరువాత ఆ సౌకర్యము సామాన్యులకు బాగుగ వ్యాపించెను. నేటి కెమేరాలు దృశ్యమును గళ్ళుగా విభజించి వేఱువేఱుగా కొలుచును, ముఖములను గుర్తుపట్టును. ఫోనులైతే ఱెప్పపాటులో పెక్కు చిత్రములు తీసి, కలిపి, ఒక్కటి చేసి చూపును. తప్పులు మునుపటికంటె చాల తగ్గినవనుట నిజము.

చేతితో నిర్ణయించుకొనుటకు తెలియవలసినవి మూడే. కొళాయి క్రింద బిందె పట్టు స్త్రీకి వానిని వేఱుగ బోధింప నక్కఱలేదు. లెన్సులోని రంధ్రము కొళాయి తెఱపివంటిది. ఎఫ్ 4, 5.6, 8, 11, 16 అని అంకె పెరిగినకొలది రంధ్రము చిన్నదై, మెట్టుమెట్టునకు వెలుతురు సగమగును. షట్టరు తెఱచియుండు కాలము కొళాయి విప్పియుంచిన కాలము. ఐ.ఎస్.ఓ. అనునది బిందె పరిమాణము. అంకె పెంచినచో చిన్నబిందెవలె కొంచెపు వెలుతురుకే నిండును గాని, చిత్రమున ఇసుక చల్లినట్లు నలుసులు కనబడును. నిండి పొర్లిన నీరు మరల బిందెలోనికి రానట్లే, డిజిటల్ చిత్రమున మితిమించి తెల్లబడిపోయిన భాగమును తరువాత ఎట్టి విద్యచేతను తిరిగి రప్పింపలేము. చీకటిపడిన భాగమును కొంత లేవనెత్తవచ్చును. నిండుటెండలో ఎఫ్ 16, ఐ.ఎస్.ఓ. 100, సెకనులో 100వ వంతు అని పెట్టినచో కొలతపనిముట్టుతో నిమిత్తము లేకయే చిత్రము సరిగా వచ్చును. ఇది ఫిల్ము కాలపు లెక్కయే, డిజిటలుకును చెల్లుచున్నది. మా వేసవియెండ కైతే దానిని పరీక్షించుట కెన్నడును వెదకికొనవలసిన పని లేదు!

ఇంత చెప్పితినని స్వయంచాలక పద్ధతిని దూషించుట నా యుద్దేశము గాదు. పెండ్లిలో వధూవరులు పందిరినీడనుండి వాకిటి యెండలోనికి వచ్చు నాలుగడుగుల కాలములో మీటలు త్రిప్పుచు కూర్చున్నచో, ఊరేగింపు ముందుకు సాగిపోవును, మన చేతికి వారి వీపులు మిగులును. పరుగెత్తు పిల్లలను యంత్రమునకే వదలుట మేలు. 'ఎం' గుర్తుపై చక్రము నిలిపినవారే ఛాయాగ్రాహకులని గొప్పలు చెప్పుకొనువారిని చూచితిని. వారిలో పలువురు చేయునదేమన, అద్దములో కనబడు ముల్లు సున్నకు వచ్చువఱకు చక్రములు త్రిప్పుట. ఆ సున్న ఎవరు చెప్పినది? యంత్రమే గదా! యంత్రము క్షణములో చేసికొను పనిని వ్రేళ్ళు నొచ్చునట్లు తాము చేసిరి, అంతే. ముల్లు సున్నపై నున్నప్పుడు 'ఇది ప్రత్తి, ఇంకొక మెట్టు పైకి' అనియు, 'ఇది గేదె, ఒక మెట్టు క్రిందికి' అనియు చెప్పగలుగుటయే చేతి నిర్ణయము. అది చెప్పుటకు 'ఎం' గుర్తే కావలెనను నియమము లేదు. తక్కిన పద్ధతులలోను కూడిక, తీసివేత గుర్తులుగల మీట యొకటి యుండును. చాల ఫోనులలో తెరపై ముఖమును తాకినచో చిన్న సూర్యబింబము కనబడును; దానిని పైకి క్రిందికి జరుపవచ్చును.

ముఖములను తీయుటలో ఈ నిర్ణయము చిన్న విషయము గాదు. యంత్రము ముఖమును గుర్తించుట వేఱు, దానిని ఎంత వెలుగునకు తేవలెనో తెలియుట వేఱు. 1950ల దశకమునుండి కోడక్ కంపెనీవారు రంగు ప్రింట్లు సరిచూచుకొనుటకై ప్రయోగశాలలకు పంపిన పటములలో తెల్లజాతి యువతి బొమ్మ యుండెడిది. మొదటి యామె పేరు షర్లీ; తరువాతి పటములకును ఆ పేరే నిలిచెను. ఆమె మేనిరంగు సరిగా వచ్చినచో అందఱిదియు సరిగా వచ్చినట్లే వారి లెక్క. 2021లో గూగుల్ కంపెనీవారు పిక్సెల్ 6 ఫోనునందు 'రియల్ టోన్' అను పేర నల్లనివారి చాయ యథాతథముగ వచ్చు నేర్పాటు చేసితిమని ప్రకటించిరి. అంతవఱకు జరుగుచుండినది ఆ ప్రకటనవలననే తెలియుచున్నది.

మా యింటి సంగతి యొకటి చెప్పెదను. మా ఆడుబిడ్డకు సంబంధములు చూచుచున్నాము. పిల్ల చామనచాయకంటె ఒకింత నలుపు. కన్నులు, నవ్వు చక్కనివి. మొదట నొక స్టూడియోలో తీయించిన ఫొటోలో ఆమెను గోధుమపిండివలె తెల్లజేసి యిచ్చిరి. దానిని చూచి యొకరు పెండ్లిచూపులకు వచ్చిరి. వరుని మేనత్త ఫొటోను చేతబట్టుకొని, పిల్ల యెదుటనే, “ఈ ఫొటోలోని అమ్మాయి ఈ అమ్మాయేనా?” అని యడిగెను. మా ఆడుబిడ్డ కాఫీ పళ్ళెము బల్లపై పెట్టి లోనికి వెళ్ళినది, మరల బయటికి రాలేదు. తరువాత చాలకాలము ఫొటో అన్నమాట యెత్తనీయలేదు.

మొన్నటి సంక్రాంతి సెలవులలో తానే వచ్చి, “వదినా, నీవు తీయుము” అన్నది. ఉదయము తొమ్మిది గంటలకు వసారాలో, సున్నము కొట్టిన గోడముందు నిలిపితిని. తెల్లని గోడను చూచి కెమేరా ఎఫ్ 4, ఐ.ఎస్.ఓ. 100 వద్ద సెకనులో 250వ వంతు చాలుననెను. అట్లే ఒకటి తీసితిని. గోడ బూడిదయై, ముఖమున కన్నులు తప్ప మఱేమియు తెలియలేదు. పిమ్మట ఆమె అరచేతిని ముఖము నొద్ద పట్టుమని, దానిమీది వెలుతురును మాత్రము కొలిచి, ఒక మెట్టు పెంచితిని. నల్లనివారికిని తెల్లనివారికిని అరచేయి ఇంచుమించు ఒకే వెలుగున నుండును, నడిమి బూడిదకంటె ఒక మెట్టు హెచ్చు. లెక్క 125వ వంతునకు వచ్చినది. చూచుకొనుటకై 60వ వంతున మూడవదియు తీసితిని.

మూడింటిని ప్రక్కప్రక్కన పెట్టి చూపితిని. ఒకటవదానిలో పిల్ల చీకటి. మూడవదానిలో అచ్చముగా ఆ స్టూడియోవారి పిల్ల. రంగులు పూయలేదు, దిద్దలేదు. షట్టరు రెండింతల కాలము తెఱచియుండుట తప్ప వేఱు భేదము లేదు. మా అత్తగారు మూడవదానినే మెచ్చుకొనిరి. “కాస్త తెల్లగా కనబడిన తప్పేమి? ముందు వచ్చి చూడనిండు” అనిరి. ఆమె భయ మామెది. ఆడపిల్లను కన్నతల్లిని తప్పు పట్టజాలను. పిల్ల మాత్రము నడిమి ఫొటోను తీసికొని, “అమ్మా, అది పంపినచో మరల ఆ మాట పడవలసినది నేను గదా” అన్నది. అత్తగారు మాఱు పలుకలేదు.

నడిమిదానినే పంపినాము. ఇంతవఱకు రెండు సంబంధములవారు వచ్చి చూచి వెళ్ళిరి. ఒకరికి జాతకము కుదరలేదు. రెండవవారి కబురుకై యెదురుచూచుచున్నాము. ఫొటోలోని పిల్ల వేఱని మాత్రము ఎవ్వరును అనలేదు.